శాలువా మీద బెల్టు

చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్కన రేకుల షెడ్డులో నలభై ఏళ్లుగా వెల్డింగ్ చేస్తున్న రేవణసిద్ధప్పకు మనుషులంటే పెద్ద గౌరవం లేదు. ఇనుమంటే ఉంది. మోయగలిగినంత మోస్తుంది, మోయలేకపోతే వంగి చూపిస్తుంది, నాటకాలాడదు అనేవాడు. షెడ్డుకు వచ్చేవాళ్లలో ఒక్కరూ ఆయన నోటి నుంచి తప్పించుకున్నవాళ్లు లేరు. "గేటు గింత పెద్దగ ఎందుకయ్యా, ఇంట్ల దొంగ ఎత్కపోయేటంత ఏమున్నది?" అని అడిగి మరీ గేటు చేసిచ్చేవాడు. చెరుకు ట్రాలీ కొక్కెం విరిగిందని వచ్చిన రైతును "రెండు ట్రాలీల బరువు ఒక్క ట్రాలీకెక్కిస్తే కొక్కెం ఇరగక మొక్కుతదా?" అని కడిగేసేవాడు. అయినా జనం వచ్చేవాళ్లు. ఆయన వేసిన అతుకు ఊడదు గనక తిట్లు పడి మరీ వచ్చేవాళ్లు.

పుట్టింది ఝరాసంగం వైపు ఒక పల్లెలో. మూడెకరాల చెలక, వాన పడితే జొన్న, పడకపోతే అప్పు. ఇంట్లో మాట సగం కన్నడం, సగం తెలుగు. పదహారో ఏట బీదరు పోయి ఒక మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాడు. ఆ మేస్త్రీ మాట్లాడింది తక్కువ, కొట్టింది ఎక్కువ. తిరిగొచ్చి హైవే పక్కన నాలుగు రేకులు నిలబెట్టుకున్నాడు. అప్పుడు ఆ రోడ్డు మీద గంటకు పది లారీలు పోయేవి. ఇప్పుడు నిమిషానికే పది పోతున్నాయి.

ఆ రోడ్డే ఆయనకు ఇంకో పని అంటగట్టింది. లారీ వెనక దూరిన కారులో మనిషి ఇరుక్కుపోయి తలుపు తెరుచుకోకపోతే, పోలీసులు ముందు ఫోను చేసేది రేవణసిద్ధప్పకే. జాకీ, గడ్డపార, కోత మిషను పట్టుకుని పోయేవాడు. రేకు విప్పి మనిషిని బయటికి తీసి, రక్తం అంటిన చేతులు డ్రమ్ములో కడుక్కుని, ఆగిన గేటు పని మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆయన తీసినవాళ్లలో బతికినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఒక్కడు కూడా మళ్లీ వచ్చి పలకరించలేదు. దానికి ఆయన బాధపడలేదు. మనుషుల మీద ఆశ ముందే లేదు గదా.

కానీ ఆ కార్లను చూసీ చూసీ ఒక సంగతి ఆయనకు ఎముకల్లోకి ఇంకిపోయింది. బండి ఎంత నుజ్జయిందన్నది లెక్కలోకి రాదు. మనిషి చుట్టూ చోటు మిగిలిందా లేదా, మనిషి ఆ చోటులోనే ఉన్నాడా లేదా అన్నదే లెక్క. చోటు మిగిలి, అందులో బెల్టుతో కూర్చున్నవాడు మూలుగుతూ నీళ్లడిగేవాడు. మిగతావాళ్లు అడిగేవాళ్లు కాదు.

ఈ ఏడు చెరుకు నరుకుళ్లు అయిపోయిన రోజుల్లో రితేష్ వచ్చాడు. కోహీర్ దగ్గర అరవై ఎకరాల ఆసామి కొడుకు. తండ్రి జామ తోటలు, అల్లం తోటలు పెట్టి నడుము వంగేలా పనిచేస్తే, కొడుకు ఫోనులో కార్ల పందేలు చూసి మెడ వంగేలా కష్టపడ్డాడు. ఒక పాత తెల్ల కారు కొని, వెనక సీట్లు పీకేసి, ఊరంతా వినపడే సైలెన్సరు పెట్టించి, రెండు వైపులా తన పేరు అతికించాడు. వచ్చే నెల నాయకుడు మహాదేవప్ప పుట్టినరోజు. ఆ సందర్భంగా కోహీర్ దారిలోని బీడు భూమిలో కార్ల పందెం. గుండ్రంగా దారి గీసి, ఒక్కో కారును ఒంటరిగా వదిలి, నాలుగు చుట్లు ఎవడు తొందరగా తిరిగొస్తే వాడిదే కప్పు. లోపల ఇనుప పంజరం లేని బండిని పందెంలోకి రానివ్వరట. ఆ మాట ఎవరు పెట్టారో గానీ, మొత్తం వ్యవహారంలో తెలివైన మాట అదొక్కటే.

"కాకా, కారు లోపల రోల్ కేజ్ కట్టాలె. గీ స్టీలు పైపుతోని," అన్నాడు రితేష్. ఇళ్లల్లో మెట్ల పక్కన పట్టుకోవడానికి పెడతారే, ఆ తళతళలాడే పైపు మోపెడు తెచ్చుకున్నాడు.

"కారుల మెట్లేమన్న ఉన్నయా పటేలా?"

"లుక్కు కోసం కాకా. వీడియోల మెరుస్తది."

రేవణసిద్ధప్ప ఒక పైపు తీసుకుని రెండు ఇటుకల మీద అడ్డంగా పెట్టాడు. చేతికి అందిన సుత్తితో ఒక్కటి వేశాడు. పైపు మధ్యలో నొక్కుకుపోయి చపాతీలా చదునైంది. పైన పటారం, లోన లొటారం.

"దీని మీద బట్టలారేస్కోవచ్చు," అన్నాడు. "మనిషిని కూసోబెట్టద్దు. తీస్కపో."

రితేష్ మొహం గంటు పెట్టుకుని వెళ్లిపోయాడు. అంతటితో పీడ పోయిందనుకున్నాడు రేవణసిద్ధప్ప. పోలేదు. కారు రితేష్‌దే, పేరు రితేష్‌దే గానీ, ఒకరోజు సాధనలో బీడు భూమిలో కారు గిర్రున రెండు చుట్లు తిరిగేసరికి ఆ పిల్లాడికి పందెం మోజు ప్యాంటులోనే తడిసిపోయింది. స్టీరింగు మంజునాథ్ చేతికిచ్చాడు.

మంజునాథ్ రేవణసిద్ధప్పకు అల్లుడు. అక్క నాగమ్మ కొడుకే, బయటివాడు కాదు. చెరుకు కాలంలో ట్రాక్టరు నడుపుతాడు, మిగతా కాలంలో రితేష్ వాళ్ల అల్లం బండి నడుపుతాడు. ముప్పై ఏళ్లొచ్చాయి, ఇద్దరు పిల్లల తండ్రి. చేతిలో పనితనం ఉంది, తలలో మాత్రం ఎవరు ఊదితే ఆ గాలి నిండుతుంది.

మంజునాథ్ భార్య, రేవణసిద్ధప్ప కూతురు జ్యోతి మరునాడే పుట్టింటికి వచ్చింది. నీళ్లు కూడా తాగకుండా షెడ్డులోనే నిలబడింది.

"అప్పా, నువ్వు కట్టనంటే బస్టాండు కాడ రైలింగులు చేసేటోని దగ్గరికి తీస్కపోతున్నరు కారును. గా మెరిసే పైపుతోనే."

"నీ మొగునికి చెప్పు, పోవద్దని."

"చెప్పిన. నా మాటింటే నీ దాంక ఎందుకొస్త?"

"కాళ్లు ఇరిగితే ఇంట్ల కూసుంటడు. అప్పుడింటడు నీ మాట."

జ్యోతి కళ్లనీళ్లు పెట్టుకోలేదు. తండ్రి ముందు ఏడిస్తే దానికీ ఒక మాట పడుతుందని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. "ఎక్కుతనన్నోడు ఎక్కుతడు. ఆపుడు నాతోని కాదు, నీతోని కాదు," అంది. "ఎక్కినోడు మళ్ల ఇంటికి రావాలె. గది నీతోని ఐతది. గందుకే వచ్చిన."

రేవణసిద్ధప్ప చేతిలోని వెల్డింగ్ పుల్ల కింద పెట్టాడు. ఆ సాయంత్రం రితేష్‌కు ఫోను చేసి, పైపు తాను తెస్తానని, పని అయ్యేదాకా ఎవడూ నోరు మెదపొద్దని చెప్పాడు. మామ కడితేనే ఎక్కుతానని మంజునాథ్ కూడా మొండికేశాడు, జ్యోతి ఏం పెట్టి తిప్పిందో గానీ. రితేష్ ఒప్పుకున్నాడు. ఎర్ర రంగు మాత్రం వెయ్యాలన్నాడు.

పని పన్నెండు రోజులు పట్టింది. రేకు మందంగా ఉన్న నల్ల ఇనుప పైపు తెచ్చాడు. బీదరు మేస్త్రీ నేర్పినట్టు పైపులో ఎండు ఇసుక దట్టించి, రెండు చివర్లా చెక్క బిరడాలు కొట్టి, నిమ్మళంగా కాల్చి వంచాడు. ఇసుక లేకుండా వంచితే లోపలి వైపు ముడత పడుతుంది, ముడత పడ్డచోటే రేపు విరుగుతుంది. కారు నేల రేకు బిస్కెట్టు డబ్బా మూతంత పల్చన. పంజరం కాళ్లు దాని మీద ఊరికే నిలబెడితే, బండి తలకిందులైనప్పుడు ఆ కాళ్లు రేకును పొడుచుకుని అవతలికి పోతాయి, కప్పు మనిషి మీదికి వస్తుంది. అందుకని ప్రతి కాలి కింద అరచేయంత వెడల్పున మందపాటి ఇనుప పలక వేశాడు. డ్రైవరు వెనక నిలువు చట్రానికి ఏటవాలుగా ఒక పైపు అడ్డం కొట్టాడు. తలుపు తెరిచే చోట కూడా రెండు పైపులు అడ్డంగా పెట్టి, తలుపును అతికేశాడు. ఇక లోపలికి పోవాలంటే కిటికీలోంచే.

"మనిషి ఎక్కనీకి తొవ్వ లేకుంట చేసినవ్," అన్నాడు సాయంత్రం పని చూడ్డానికి వచ్చిన మంజునాథ్.

"బుద్ధున్నోడు ఎక్కడని చేసిన."

మంజునాథ్ నవ్వాడు. మామ తిట్లు అతనికి అలవాటే, పుట్టినప్పటి నుంచీ వింటున్నాడు.

"బండి అదుపు ఎట్ల తప్పుతదో తెలుసా నీకు?" అడిగాడు రేవణసిద్ధప్ప.

"స్పీడు ఎక్కువైతే."

"స్పీడు ఒక్కటే అయితే హైవే మీద బస్సులన్ని పల్టీ కొట్టాలె. ఇను. నేను పోయి చూసొచ్చిన మీ పటేల్ బీడు. కింద ఎర్ర రాయి, దాని మీద వదులు మొరం. గచ్చు మీద జొన్నలు పోసి నడిచినట్టుంటది. మలుపు కాడ నువ్వు స్టీరింగు తిప్పుతవ్. ముందటి టైర్లు తిరుగుతయి గని బండి తిరుగది, సీదా పోతది. నీ గుండె జారుతది. ఏం చేస్తవ్?"

"యాక్సిలేటర్ మీంచి కాలు తీస్త. బ్రేకు దొక్కుత."

"గదే, గాడ్నే సచ్చినవ్. కాలు తీయంగనే బరువంత ముందటికొస్తది, ఎనక తేలికైతది. ఎనక టైర్లు పట్టు ఇడుస్తయి. బండి తోక తిప్పి అడ్డం పడతది. టైరుకు ఉన్న పట్టు ఒక్కటే బిడ్డా. తిప్పుడుకన్న వాడుకో, ఆపుడుకన్న వాడుకో. రెండు ఒక్కసారి అడిగితే రెండు ఇయ్యది."

"అడ్డం పడితే పల్టీయేనా?"

"కాదు. అడ్డంగ జారుకుంట పోయి, జర దుమ్ము లేపి ఆగుతది. మనిషి ఊకె నడుస్తనే పడతడా? కాలికేదన్న తట్టాలె. మలుపు అవతల పాత పొలం గట్టు ఉన్నది. అడ్డంగ పోయిన టైరు గట్టుకు తట్టిందనుకో, అప్పుడు లేస్తది బండి. గట్టు తీసెయ్యుమని చెప్పిన మీ పటేల్‌కు. తీస్తడా?"

"తీస్త అన్నడు."

"తీస్తే వీడియోల మెరుస్తదంటే తీస్తుండె."

మంజునాథ్ కాసేపు పైపుల మీద చెయ్యి వేసి నిమిరాడు. "గంత ఫికర్ ఏం లేదు మామా. తిరగబడేటట్టున్నదనుకో, దూకుత. ట్రాక్టరు మీద పదేండ్ల సంది కూసుంటున్న, ఎప్పుడు దూకాలెనో నాకెరికే."

ఇది ఒక్క మంజునాథ్ మాట కాదు. ఆ చుట్టుపక్కల ట్రాక్టరు నడిపే ప్రతివాడూ ఒక పిర్ర సీటు మీద, ఒక పిర్ర గాలిలో పెట్టి కూర్చుంటాడు. బండి ఒరిగితే దూకి బతకొచ్చునని తాతల నాటి నమ్మకం. చిన్నప్పుడు ఎడ్లబండి మీద నేర్చిన విద్యను ట్రాక్టరుకు తెచ్చారు, ఇప్పుడు దాన్నే పందెం కారుకూ తెస్తున్నారు. పొద్దున ఎవరో ఇచ్చిపోయిన పండు జామకాయ ఒకటి బల్ల మీదుంది. రేవణసిద్ధప్ప పనిముట్ల ఇనుప డబ్బా ఖాళీ చేసి, జామకాయ అందులో వేసి, మూత బిగించి మంజునాథ్ చేతికిచ్చాడు.

"ఆడియ్యి. బలంగ."

మంజునాథ్ ఊపాడు. లోపల దబదబ చప్పుడైంది. మూత తీసి చూస్తే గుజ్జు మూలలకు అంటుకుని ఉంది.

"డబ్బాకు సొట్టన్న పడ్డదా? పడలే. శానా గట్టి డబ్బా. నేనే చేసిన," అన్నాడు రేవణసిద్ధప్ప. "పంజరం గూడ గట్ల్నే. నీ సుట్టూత జాగ నిలబెడతది, గంతే. ఆ జాగల నిన్ను పట్టి ఉంచేది బెల్టు. బెల్టు లేకుంటే, నిన్ను కాపాడనీకి కట్టిన పైపే నీ తల పలగ్గొడతది. దూకుతడంట. తలుపులెక్కడున్నయి దూకనీకి?"

"ఎందుకు మామా నన్ను గింత తక్కువ చూస్తవ్?" అన్నాడు మంజునాథ్. ఈసారి నవ్వలేదు. "పది ఊర్ల చెరుకు మోసిన. ఒక్కనాడన్న ఎవడన్న నా పేరు పెట్టి పిలిసిండా? ఏయ్ డ్రైవర్ అంటరు. ఆ దినం మైకుల నా పేరు చెప్తరంట. పిల్లలు ఇంటరు. గంతే నాకు."

రేవణసిద్ధప్ప పైపు వైపు తిరిగి అద్దాలు పెట్టుకున్నాడు.

హైదరాబాద్ నుంచి రితేష్ తెప్పించిన బెల్టు ఒక్కటి మాత్రం సరైన సరుకు. ఎర్రగా ఉందని తెప్పించాడు, గట్టిగా ఉండటం దాని అదృష్టం. భుజాల మీంచి రెండు పట్టీలు, నడుముకు రెండు, కాళ్ల మధ్య నుంచి ఒకటి. అన్నీ వచ్చి పొట్ట దగ్గర ఒకే బిళ్లలో పడతాయి. భుజాల పట్టీలను సీటు వెనక అడ్డ పైపుకే కట్టాడు రేవణసిద్ధప్ప. తలకు దగ్గరగా ఉన్న పైపులకు దళసరి మెత్త చుట్టాడు.

పందెం రోజు బీడు భూమి జాతరలా ఉంది. మహాదేవప్ప బొమ్మతో ఫ్లెక్సీలు, ఫ్లెక్సీల్లో ఆయన పక్కన ఆయన కంటే పెద్దగా నవ్వుతున్న పాతికమంది అనుచరులు, షామియానా, మైకు, పప్పు అన్నం. పదకొండు కార్లు వచ్చాయి. ప్రతి కారుకూ టైర్ల కింద నిమ్మకాయలు. బయలుదేరే గీత మీదే గుమ్మడికాయలు పగలగొట్టారు, గుజ్జు మీద కాలు జారి పూజారే పడబోయాడు. పొలం గట్టు ఎక్కడిదక్కడే ఉంది. దాని మీద తెల్ల సున్నం మాత్రం చల్లారు, వీడియోలో బాగుంటుందని.

రేవణసిద్ధప్ప స్వయంగా మంజునాథ్‌ను కిటికీలోంచి లోపలికి ఎక్కించాడు. పట్టీలు వేసి, తలుపుకు మోకాలు ఆనించి ఒక్కొక్కటే గుంజాడు.

"ఊపిరాడుతలేదు మామా."

"మాట్లాడుతున్నవ్ గద, ఆడుతున్నది."

హెల్మెట్ పెట్టి, ఇంక ఏం వచ్చినా బిళ్ల మీద చెయ్యి వెయ్యొద్దని చెప్పి, పార భుజాన వేసుకుని మలుపు వైపు నడిచాడు. ముందు పోయే కార్లు తిరిగొచ్చేలోపు గట్టు కొంతైనా చెక్కేయాలని ఆయన ఆలోచన. రెండు కార్లు పోయాయి. మూడో కారు మంజునాథ్‌ది. అప్పుడు మైకు గరగరలాడింది.

"మన గౌరవనీయులు మహాదేవప్ప గారు కప్పు ఇచ్చే టైముకు అర్జెంటు పని మీద పోవాల్సి ఉన్నందున, మన జహీరాబాద్ ముద్దుబిడ్డ, డ్రైవర్ మంజునాథ్ గారికి ఇప్పుడే శాలువాతో సన్మానం."

ఈ ఊళ్లో శాలువా కప్పడానికి కారణం అక్కర్లేదు. శాలువా ఉంటే చాలు, భుజం వెతుకుతారు. పదవి వచ్చినవాడికి శాలువా, ఊడినవాడికి శాలువా, ఆసుపత్రి మంచం మీద ఉన్నవాడికి కూడా సెలైన్ సీసా పక్కకు జరిపి శాలువా. నాయకుడి కారు డిక్కీలో పది మడతలు ఎప్పుడూ ఉంటాయి. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పందెం కాకముందే సన్మానం. అంత దూరం నుంచి రేవణసిద్ధప్పకు కనబడుతూనే ఉంది. అల్లుడు బిళ్ల నొక్కి పట్టీలు విప్పుకున్నాడు. కిటికీలోంచి బయటికి వచ్చాడు. వంగి, చేతులు జోడించాడు. మెడలో బంతిపూల దండ, భుజాల మీద దుప్పటంత దళసరి శాలువా. ఫోటోలు తీశారు. ఒక ఫోటోలో రితేష్ లేడని మళ్లీ తీశారు. టైమైపోతోందని మైకువాడు అరిచేసరికి, మంజునాథ్ ఆ శాలువాతో, ఆ దండతో అలాగే లోపలికి దూరాడు. తీసి పక్కన పెడితే నాయకుణ్ణి అవమానించినట్టు గదా. వాటి మీదే పట్టీలు వేసుకుని బిళ్ల నొక్కాడు. శాలువా మందం మీద, దండ ఎత్తు మీద బిగుసుకున్న బెల్టు బెల్టే కాదు. తలకిందులైన క్షణంలో పూలు నలిగి, శాలువా జారి, ఆ పట్టీల్లోంచి మనిషి సంచిలోంచి జొన్నల్లా కారిపోతాడు.

రేవణసిద్ధప్ప పార పడేసి పరుగెత్తాడు. అరవై రెండేళ్లవాడు, ధోవతి మడిచి పట్టుకుని, ఎండలో, మొరం మీద, రెండు వందల అడుగుల దూరం. జెండా ఊపేవాడు చెయ్యి ఎత్తాడు. ఇంజను రంకె వేసింది. ఆయన వచ్చి కారు ముందు నిలబడ్డాడు.

"పెద్దాయన పక్కకు జరగాలె," అంది మైకు. జనం నవ్వారు.

ఆయన జరగలేదు. కిటికీ దగ్గరికి వచ్చి తల లోపలికి పెట్టాడు. "శాలువా తియ్యి."

"అందరు చూస్తున్నరు మామా. ఒక్క నాలుగు చుట్లే."

"తియ్యి."

"తర్వాత తీస్త. మహాదేవప్ప సాబు ఇంక స్టేజీ మీదనే ఉన్నడు."

రేవణసిద్ధప్ప బిళ్ల నొక్కాడు. పట్టీలు ఊడాయి. శాలువా అంచు దొరకబుచ్చుకుని ఒక్క గుంజు గుంజాడు. దండ తెగింది, పూలు సీటంతా రాలాయి. శాలువాను వెనక్కి విసిరితే గుమ్మడికాయ గుజ్జులో పడింది. స్టేజీ మీద మహాదేవప్ప లేచి నిలబడి, "ఎవడయ్యా వాడు?" అని పక్కవాణ్ణి అడిగాడు, మైకు ముందే ఉండటం వల్ల ఆ మాట బీడంతా వినిపించింది. "మళ్ల నీ షెడ్డు గడప తొక్కితే ఒట్టు," అన్నాడు రితేష్. ఎవరో ఈల వేశారు. పట్టీలు మళ్లీ వేసి, ఒక్కొక్కటి బిర్రుగా బిగించేదాకా ఆయన తల ఎత్తలేదు.

ఎత్తేసరికి హెల్మెట్ సందులోంచి మంజునాథ్ కళ్లు కనబడ్డాయి. నిండుగా నీళ్లు.

"పేరు పిలిసిన్రు మామా," అన్నాడు నెమ్మదిగా. "గప్పుడే తీసినవ్ ఇజ్జత్."

రెండు చుట్లు మంజునాథ్ బండిని నీళ్లు పోసినట్టు తిప్పాడు. మలుపు దగ్గర కాలు తీయలేదు, బ్రేకు తొక్కలేదు. ఆ మాటకొస్తే ముందు పోయిన రెండు కార్ల కంటే టైములో ముందే ఉన్నాడని మైకు కూడా చెప్పింది. మూడో చుట్టులో మలుపు మీద మొరమంతా పక్కకు పోయి నున్నటి ఎర్ర రాయి తేలింది. ముందు టైర్లు తిరిగాయి, బండి తిరగలేదు. ఒక్క క్షణం ఇంజను చప్పుడు ఆగింది. కాలు తీశాడు.

తోక తిరిగింది. బండి అడ్డంగా జారింది. సున్నం చల్లిన గట్టుకు టైరు తట్టింది. లేచింది. ఒకటి, రెండు, ఇంకో సగం. తలకిందులుగా పడి, చక్రాలు ఆకాశంలో తిరుగుతూ ఆగింది.

జనం ఫోన్లు ఎత్తారు. రేవణసిద్ధప్ప పరుగెత్తాడు. ఇన్నేళ్లలో ఎన్ని నలిగిన కార్ల దగ్గరికి పోయాడో, ఏ ఒక్కదాని దగ్గరికీ ఇలా ఉరకలేదు. మోకాళ్ల మీద పడి కిటికీలోకి చూశాడు.

కప్పు రేకు నలిగి నలిగి పైపులకు తడిబట్టలా అంటుకుంది. అద్దం ఒక్కటి లేదు. తలుపు అడ్డ పైపు జానెడు లోపలికి వంగింది. పంజరం కాళ్లు మాత్రం పలకల మీద నిలబెట్టినట్టే నిలబడి ఉన్నాయి. మధ్యలో చోటు ఉంది. ఆ చోటులో మంజునాథ్ పట్టీలకు తలకిందులుగా వేలాడుతున్నాడు.

"కాలి వేళ్లు కదిలియ్యి."

కదిలాయి.

"మామా, నీళ్లు," అన్నాడు మంజునాథ్.

రేవణసిద్ధప్ప భుజం ఆనించి, బరువు మొత్తం తన మీద వేసుకుని, బిళ్ల నొక్కాడు.

దవాఖానలో ఎక్స్‌రే తీసి, మెడ కింద ఎముక ఒక్కటి చిట్లిందని, మిగతాదంతా బాగానే ఉందని చెప్పారు. పట్టీ పట్టిన చోట రెండు భుజాల మీదా నల్లగా కమిలింది. అంతే. డాక్టరు వీడియో చూసి, ఇతనే ఆ మనిషా అని రెండుసార్లు అడిగాడట.

ఊరు మాత్రం తన తీర్పు తాను ఇచ్చేసింది. పెద్దమనిషి కప్పిన శాలువాను కింద పడేస్తే అపశకునం కాదా మరి. దండ తెంపితే ఏమవుతుంది, బండి బోల్తానే పడుతుంది. గట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు, మొరం సంగతి ఎవరూ ఎత్తలేదు. శాలువా పీకుతున్న ముసలాణ్ణి, ఆ వెంటనే పల్టీ కొడుతున్న కారును కలిపి రితేష్ వీడియో పెట్టాడు. దాన్ని జనం వేలల్లో చూశారు. తర్వాత వారం గడప తొక్కనన్న షెడ్డుకే మనిషిని పంపాడు, పంజరం చక్కదిద్ది ఇస్తే ఇంకో కారులో పెట్టుకుంటానని. ఒకసారి వంగిన పైపు పైకి నిలబడినట్టే ఉన్నా లోపల చచ్చి ఉంటుందని, రెండోసారి ఎవణ్ణీ మొయ్యదని ఆ మనిషికి చెప్పి చూశాడు రేవణసిద్ధప్ప. చెవిటివాడి ముందు శంఖం. చివరికి అతని కళ్ల ముందే పంజరాన్ని మూరెడు మూరెడు ముక్కలుగా కోసి ఇనుప సామాన్ల కుప్పలో పడేశాడు. ఊళ్లో ఒక నెల రోజులు ఎవరూ ఆయన దగ్గర గేటు చేయించుకోలేదు. శకునం మంచిది కాదట.

ఒక ఆదివారం అల్లుణ్ణి చూసి వద్దామని కూతురింటికి పోయాడు. వాకిట్లో చెప్పులు చాలా ఉన్నాయి. పరామర్శకు వచ్చినవాళ్లు లోపల చాపల మీద కూర్చుని టీలు తాగుతున్నారు. మంజునాథ్ మంచం మీద, చెయ్యి మెడకు కట్టిన గుడ్డ జోలెలో వేసుకుని, పిల్లలిద్దర్నీ చెరోవైపు ఆనించుకుని, గొంతు పెంచి చెబుతున్నాడు. మామ గడప దగ్గర నిలబడ్డ సంగతి చూశాడు. చూసి కూడా తగ్గలేదు.

"బెల్టు గంత గట్టిగ కట్టకపోతే దూకుతుంటి. ఈ బొక్క గూడ ఇరుగకపోవు. అందరి ముంగట, మైకుల నా పేరు పిలిసిన గడియల, నా ఇజ్జత్ తీసిండు. గాయన బతుకంత గంతే. ఒకడు బాగుపడితే సూడలేడు. పైపుల నడుమ ఉండి ఉండి మనిషి గూడ పైపే అయిండు. ముసలోనికి బుద్ధి లేదు."

వచ్చినవాళ్లు టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. వంటింట్లోంచి జ్యోతి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ఆమె ముఖం ఎర్రబడింది, మొగుడికి ఏం సమాధానం చెప్పాలో ఆ నోట్లో సిద్ధంగా ఉంది. రేవణసిద్ధప్ప కూతురి చెయ్యి పట్టుకుని ఆపాడు. గోడవార చాప చివర ఖాళీ చూసుకుని, చెప్పులు విప్పి, మెల్లగా కూర్చున్నాడు.

"తిట్టనీ బిడ్డా," అన్నాడు. "ఇనబుద్ధి ఐతున్నది."